శాండ్‌పేపర్ బ్యాట్‌తో టీటీ: ఎవరైనా ఆడుతున్నారా? ఇందులో ఏముందని ఇంత పిచ్చి?

కాకినాడ_కట్‌షాట్ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో టేబుల్ టెన్నిస్ (టీటీ) టేబుల్ ఒకటుంది. ఆడేవాళ్లం పదిమంది దాకా ఉంటాం. అందులో ఇద్దరు యూనివర్సిటీకి ఆడినవాళ్లు. వాళ్లతో మాకు ఆటే ఉండదు. వాళ్లు సర్వీస్ వేస్తారు, మేం బ్యాట్ అడ్డం పెడతాం, బంతి నెట్‌లోకో సోఫా కిందకో పోతుంది. సగం పాయింట్లు సర్వీసులోనే అయిపోతాయి. మాకు విసుగు, పాపం వాళ్లకూ విసుగే. మెల్లగా ఒక్కొక్కరూ రావడం మానేశారు.

మొన్న మా సెక్రటరీ గారు ఎవరింట్లోనో కబోర్డుల పని చేసి వెళ్లినవాళ్లు వదిలేసిన ఉప్పు కాగితం (శాండ్‌పేపర్) తీసుకుని, రబ్బరు ఊడిపోయిన రెండు పాత బ్యాట్లకు అంటించారు. సరదాకే. అప్పట్నుంచీ సాయంత్రమైతే టేబుల్ దగ్గర క్యూ. ఆ ఇద్దరిలో ఒకాయనతో నేను ఇరవై షాట్ల ర్యాలీ ఆడానంటే మా ఆవిడే నమ్మలేదు. మ్యాచ్ ఓడిపోయాను లెండి.

సందేహాలు ఇవీ. దీన్ని నిజంగా ఎక్కడైనా ఆడతారా, మేమే కనిపెట్టామా? ఒక కాగితం ముక్కతో ఆట ఇంతలా ఎందుకు మారిపోతోంది? దీనికి అలవాటుపడితే మామూలు బ్యాట్‌తో ఆట పాడవుతుందా?

---

కుర్ర_లూపర్ | శనివారం, రాత్రి 9:52

సర్, ఏమీ అనుకోవద్దు. ఆ కాగితంతో బంతి పెద్దగా తిరగదు. స్పిన్ లేకపోతే అది టీటీ ఎలా అవుతుంది? షటిల్ ఆడుకోవచ్చు కదా.

---

మిల్టన్‌కీన్స్_మురళి | శనివారం, రాత్రి 10:30

కట్‌షాట్ గారూ, మీరు కనిపెట్టలేదు. దీనికి ప్రపంచ ఛాంపియన్‌షిప్పే ఉండేది. పేరు వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఆఫ్ పింగ్‌పాంగ్. 2011లో లాస్ వేగాస్‌లో మొదలై, 2013 నుంచి లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో జరిగింది. నడిపింది బ్యారీ హెర్న్ గారి మ్యాచ్‌రూమ్ సంస్థ. స్నూకర్‌నీ డార్ట్స్‌నీ టీవీలో అంత పెద్దవి చేసింది వాళ్లే. మొత్తం ప్రైజ్ మనీ లక్ష డాలర్లు, గెలిచినవాడికి ఇరవై వేలు. స్కై స్పోర్ట్స్‌లో లైవ్ వచ్చేది.

నిర్వాహకులే అందరికీ ఒకేరకం శాండ్‌పేపర్ బ్యాట్లు ఇచ్చేవాళ్లు. నీ రబ్బరు, నీ జిగురు, నీ బ్లేడు (బ్యాట్ చెక్క) ఏవీ పనికిరావు. గేమ్ 15 పాయింట్లకు. 14-14 అయితే డ్యూస్ లేదు, తర్వాతి బంతితో తేలిపోవాల్సిందే. పైగా డబుల్ పాయింట్ అని ఒకటుంది. ఆటగాడు దాన్ని అడిగి వాడుకుని, ఆ బంతి గెలిస్తే రెండు పాయింట్లు. డార్ట్స్‌కి వచ్చే జనం లాంటి జనమే. బీరు గ్లాసులు, అరుపులు, పాటలు. మన ఇండోర్ స్టేడియంలో "సైలెన్స్ ప్లీజ్" అనే వాతావరణం ఊహించుకోకండి.

రష్యా ఆటగాడు మాగ్జిమ్ ష్మిరెవ్ మొదటి మూడుసార్లూ గెలిచాడు. ఆ తర్వాత మా ఊరి ఆండ్రూ బాగలీ నాలుగుసార్లు. బాగలీ అంటే ఎవరో అనుకునేరు. మామూలు టీటీలో ఇంగ్లండ్‌కి కామన్వెల్త్ గేమ్స్ స్వర్ణం తెచ్చినవాడు.

---

కుర్ర_లూపర్ | శనివారం, రాత్రి 10:41

అంటే రబ్బరుతో కూడా బాగా ఆడేవాడే అక్కడా గెలిచాడు. మరి ఈ బ్యాట్ అందర్నీ సమానం చేస్తుందని కట్‌షాట్ గారు అనడం?

---

కాకినాడ_కట్‌షాట్ | శనివారం, రాత్రి 10:44

సమానం అని నేనెక్కడ అన్నాను తమ్ముడూ! ఓడిపోయానని రాశాను కదా. ఇంతకుముందు ఆడకుండానే ఓడేవాణ్ణి. ఇప్పుడు ఆడి ఓడుతున్నాను. ఆ తేడా గురించే అడుగుతున్నాను.

---

రైల్వే_రాంబాబు | ఆదివారం, ఉదయం 6:15

మురళి గారు కొత్త చరిత్ర చెప్పారు, నేను కొంచెం పాతది చెప్తాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఆడాను. రిటైరయ్యాక కూడా మానలేదు.

ఈ ఆట పుట్టిన కొత్తలో, అంటే 1900 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో, బ్యాట్‌కి ఇదీ అని నియమం లేదు. చెక్క, కార్క్, తోలు బిగించిన చట్రం, గరుకు కాగితం, ఎవరికి దొరికింది వాళ్లు అంటించుకున్నారు. తర్వాత బుడిపెలున్న రబ్బరు వచ్చింది. ఐదుసార్లు ప్రపంచ సింగిల్స్ గెలిచిన విక్టర్ బార్నా ఆడింది దానితోనే. ఇప్పటి బ్యాట్లలా రబ్బరు కింద స్పాంజి లేదు. దాన్నే ఇవాళ హార్డ్‌బ్యాట్ అంటున్నారు. శాండ్‌పేపరూ హార్డ్‌బ్యాటూ ఒకటి కావు, కానీ ఒకే కుటుంబం. బంతి చెక్కకి తగిలిన చప్పుడు రెంటిలోనూ వినిపిస్తుంది.

ఆ చప్పుడు ఆగిపోయింది మన దేశంలోనే. 1952లో బొంబాయిలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఆసియాలో అదే మొదటిసారి. జపాన్ నుంచి హిరోజి సాటో అని కళ్లద్దాల మనిషి ఒకాయన వచ్చాడు. ఆయన మీద ఎవరికీ పెద్ద అంచనాల్లేవు. చేతిలో మందపాటి స్పాంజి బ్యాట్. బంతి తగిలితే చప్పుడే లేదు. అప్పటిదాకా అవతలివాడు ఎంత గట్టిగా కొట్టాడో సగం చెవులతోనే పసిగట్టేవాళ్లు. ఇప్పుడు చెవులు పనిచేయవు, బంతేమో గుమ్మున వచ్చి పడుతుంది. అమెరికా నుంచి వచ్చిన మార్టీ రీస్‌మన్ అప్పటికి పెద్ద ఆటగాడు, ఆయనా సాటో చేతిలో పోయాడు. ఫైనల్లో హంగరీ ఆటగాడు కోసియాన్‌ని ఓడించి సాటో టైటిల్ పట్టుకుపోయాడు.

ఆ తర్వాత స్పాంజి ఎంత మందం ఉండాలని ఏళ్లతరబడి గొడవ పడి, 1959లో అంతర్జాతీయ సమాఖ్య లెక్క తేల్చింది. స్పాంజీ రబ్బరూ కలిపి 4 మిల్లీమీటర్లు, స్పాంజి లేని బుడిపెల రబ్బరైతే 2. గరుకు కాగితానికి అందులో చోటే లేదు.

రీస్‌మన్ మాత్రం జీవితాంతం స్పాంజిని తిడుతూనే ఉన్నాడు. 1997లో అమెరికా జాతీయ హార్డ్‌బ్యాట్ టైటిల్ గెలిచేనాటికి ఆయన వయసు 67. కుర్రాళ్లను ఓడించి మరీ.

---

లాంగ్‌పింపుల్స్_లక్ష్మి | ఆదివారం, ఉదయం 7:02

రాంబాబు గారూ 🙏 పొద్దున్నే మంచి పాఠం. 67 ఏళ్లకి టైటిల్ అనేది మా వారికి చదివి వినిపించాను. ఆయన 45కే మోకాళ్లంటున్నారు.

---

టీటీ_కోచ్_హైద్ | ఆదివారం, ఉదయం 8:20

చరిత్ర బాగుంది కానీ ఒక పక్కే చెప్పారు మాస్టారూ. స్పాంజి రాకముందు ఆట ఎలా ఉండేదో పూర్తిగా చెప్పండి. 1936లో ప్రాగ్‌లో పోలండ్ ఆటగాడు ఎర్లిచ్, రుమేనియా ఆటగాడు పానెత్ ఆడిన మ్యాచ్‌లో ఒక్క పాయింట్ తేలడానికే రెండు గంటలు దాటింది. ఇద్దరూ బంతిని తోసుకుంటూ కూర్చున్నారు. జనం లేచి వెళ్లిపోయే పరిస్థితి. నెట్ ఎత్తు తగ్గించిందీ, టైమ్ దాటితే పాయింట్ త్వరగా తేలేలా చేసే ఎక్స్‌పెడైట్ రూల్ పెట్టిందీ అలాంటి వాటి వల్లే. ఆ రోజుల్లో ఆట బంగారం, స్పాంజి వచ్చి పాడుచేసిందంటే ఒప్పుకోను.

కట్‌షాట్ గారి మూడో ప్రశ్నకి జవాబు. మీకైతే ఏ నష్టమూ లేదు. పిల్లలకైతే నేను ఇవ్వను. నా దగ్గరకి ఏడెనిమిదేళ్ల పిల్లలు వస్తారు. అందరి నోటా ఆకుల శ్రీజ పేరే. పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్ దాకా వెళ్లిన హైదరాబాద్ అమ్మాయి, పిల్లలకు ఆ మాత్రం మోజు ఉండదా? వాళ్లకు మొదటి ఏడాదిలో నేర్పేది బంతిని రాయడం, అంటే బ్యాట్‌ని బంతి వెనక నుంచి పైకి గీరినట్టు తీసుకెళ్లడం. శాండ్‌పేపర్‌తో అలా రాస్తే బంతి జారి కిందే పడుతుంది. రెండు వారాల్లో పిల్లాడు చదునుగా కొట్టడం నేర్చేస్తాడు. అది మాన్పించడానికి నాకు ఆరు నెలలు. పైగా ర్యాంకింగ్ టోర్నీలో ఆ బ్యాట్ తీసుకెళ్తే రెఫరీ టేబుల్ దగ్గరకే రానివ్వడు.

---

రైల్వే_రాంబాబు | ఆదివారం, ఉదయం 8:47

కోచ్ గారూ, 1936 సంగతి నిజమే, కాదనను. కానీ దానికి మందు మురళి గారు చెప్పిన దాంట్లోనే ఉంది. 15కి గేమ్, డ్యూస్ లేదు, డబుల్ పాయింట్. తోసుకుంటూ కూర్చునేవాడికి లాభం లేకుండా చేశారు.

---

వరంగల్_లెక్చరర్ | ఆదివారం, ఉదయం 10:05

రెండో ప్రశ్నని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి ఫిజిక్స్ వాణ్ణి నేను దూరుతున్నాను.

రబ్బరు బ్యాట్‌కి బంతి తగిలినప్పుడు రబ్బరు పక్కకి సాగుతుంది. సాగింది మళ్లీ వెనక్కి లాగుతుంది. ఆ లాగుడులో బంతికి గిరగిరా తిరిగే వేగం వస్తుంది. బంతి బరువు 2.7 గ్రాములే కాబట్టి దానికి ఆ మాత్రం చాలు. శాండ్‌పేపర్‌కి గరుకుదనం ఉంది, సాగే గుణం లేదు. కొంచెం పట్టుకుంటుంది, తిరిగి ఇవ్వదు. అందుకే స్పిన్ పూర్తిగా సున్నా కాదు, కట్ (బంతిని కింద నుంచి కోస్తే వచ్చే స్పిన్) కొంత వస్తుంది. రబ్బరుతో పోలిస్తే మాత్రం చాలా తక్కువ. అవతలివాడు వేసిన స్పిన్ కూడా మీ బ్యాట్ మీద పెద్దగా పనిచేయదు. సర్వీస్ కోరలు పీకేసినట్టవుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్తాను, నాకు భలే ఇష్టం. టేబుల్ పొడవు 2.74 మీటర్లు, నెట్ ఎత్తు 15.25 సెంటీమీటర్లు, నెట్ సరిగ్గా మధ్యలో. మీరు టేబుల్ చివర నిలబడి స్పిన్ లేకుండా బలంగా, గీత గీసినట్టు కొట్టాలనుకోండి. బంతి నెట్‌ని దాటి అవతలి చివరి గీత మీద పడాలంటే, మీరు కొట్టే చోట బంతి నెట్‌కి రెట్టింపు ఎత్తులో, అంటే టేబుల్ మీద 30 సెంటీమీటర్ల పైన ఉండాలి. అంతకన్నా కిందుంటే వేగం తగ్గించుకోవాలి, భూమి లాగే దాకా ఆగాలి. రబ్బరుతో ఈ బాధ లేదు. టాప్‌స్పిన్, అంటే బంతి ముందుకి దొర్లుతున్నట్టు తిరగడం, బంతిని గాలిలోనే కిందకి వంచుతుంది కాబట్టి టేబుల్ అంచు కింద నుంచి కూడా ఫుల్ స్పీడులో లాగేయొచ్చు.

దీని ఫలితం చూడండి. శాండ్‌పేపర్ ఆటలో ఎవడైనా గట్టిగా కొట్టాలంటే ఎత్తు బంతి కోసం కాచుకోవాలి. ఎదుటివాడు ఎత్తు బంతి ఇవ్వకూడదని చూస్తాడు. ఇక ర్యాలీ అంతా ఆ బేరమే. ఎడమకి, కుడికి, పొట్ట మీదకి, పొట్టిగా, లోతుగా. ఇవాళ్టి ఆటలో దాదాపు కనిపించని డ్రాప్ షాట్ ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. దూరంగా వెళ్లినవాడు పరుగెత్తుకొచ్చి అందుకున్నా, నెట్ కన్నా కింద ఉన్న బంతిని లూప్ చేసి (టాప్‌స్పిన్‌తో లాగి) తప్పించుకోలేడు కాబట్టి.

---

కుర్ర_లూపర్ | ఆదివారం, ఉదయం 10:19

ఈ 30 సెంటీమీటర్ల లెక్క బాగుంది సర్. కానీ నేను అదే అంటున్నా. స్పిన్ చదవడమే ఈ ఆటలో అసలు తెలివి. ఎదుటివాడు కింద నుంచి కోశాడా, పక్క నుంచి కోశాడా, ఉత్తదే వేశాడా అని అరక్షణంలో పట్టుకోవడం. ఏళ్లు పట్టింది నాకు అది రావడానికి. కాగితం అంటించి దాన్ని తీసేసి "ఇప్పుడు అసలైన ఆట వచ్చింది" అంటే మండుతుంది.

---

లాంగ్‌పింపుల్స్_లక్ష్మి | ఆదివారం, ఉదయం 10:33

బాబూ, స్పిన్‌ని తల్లకిందులు చేయడానికే కదా మణికా బత్రా, నేనూ (ఒకే వాక్యంలో రాసుకున్నాను, ఎవరూ నవ్వకండి) లాంగ్ పింపుల్స్ (పొడవాటి బుడిపెల రబ్బరు) వాడేది. అప్పుడూ మీ కుర్రాళ్లు ఇలాగే మండిపోతారు, "ఆంటీ బ్యాట్ చీటింగ్" అంటూ. పోయిన నెల ఒకబ్బాయి మ్యాచ్ మధ్యలో నా బ్యాట్ తీసుకుని గోటితో గీకి చూశాడు.

నేనూ కాకినాడలోనే, కట్‌షాట్ గారి అపార్ట్‌మెంట్‌కి రెండు వీధుల అవతల. ఒక సాయంత్రం వెళ్లి ఆ కాగితం బ్యాట్‌తో ఆడాను. నాకు బాగా నచ్చింది చప్పుడు. టక్ టక్ అని రెండు వైపులా ఒకే లయ. ఎదుటివాళ్లు కొంచెం మెత్తగా ఆడితే చప్పుడు మారుతుంది, బంతి రాకముందే కాళ్లు ముందుకి కదులుతాయి. రాంబాబు గారు బొంబాయి సంగతి రాసింది చదివాక ఎందుకో అర్థమైంది.

నచ్చనిది కూడా చెప్పాలి. కంగారులో బ్యాట్ ఎడమచేతి వేళ్లకి గీసుకుంది. రబ్బరు బ్యాట్ అయితే ఏమీ కాదు. ఇది మాత్రం కొబ్బరి కోరాం మీద చెయ్యి పడ్డట్టే.

---

దుబాయ్_మల్లేశ్ | ఆదివారం, మధ్యాహ్నం 1:10

నమస్తే అన్నలూ, అక్కా. మాది జగిత్యాల దగ్గర, దుబాయ్‌లో ఉంటాను. ఈ బ్యాట్ నాకు బాగా తెలుసు. మా క్యాంపులో ఫిలిప్పీన్స్ వాళ్లు ఆడేది ఇదే. వాళ్లు దీన్ని లీహా అంటారు. వాళ్ల దగ్గర ఇది చిన్నప్పటి నుంచి ఆడే ఆట. వీధిలో, షెడ్డు కింద, ఎక్కడ టేబుల్ ఉంటే అక్కడ.

శుక్రవారం వచ్చిందంటే మెస్ హాల్‌లో టేబుల్ వేస్తారు. వాళ్లలో ఒకాయన ఉన్నాడు, క్రేన్ ఆపరేటర్, పొట్టిగా ఉంటాడు. కాళ్లు మాత్రం మిషన్. నన్ను పిలిచి "నీకు ఎన్ని కావాలి?" అని అడుగుతాడు. అంటే ఎన్ని పాయింట్లు ముందే ఇచ్చి మొదలు పెట్టాలని. ఆరు ఇస్తే నాకూ ఆయనకూ మ్యాచ్ చివరిదాకా ఉంటది. ఐదిస్తే నేను పోతా, ఏడిస్తే ఆయన ఒప్పుకోడు. ఆ బేరం ఆడటమే సగం మజా అన్నా. మామూలు రబ్బరు బ్యాట్‌తో ఇట్ల పాయింట్లు ఇచ్చినా లాభం లేదు. సర్వీసే అందకపోతే పది ఇచ్చినా ఆయనే గెలుస్తడు. మరి నగదు పెట్టి కూడా ఆడతారు, ఒక్కోసారి

[మిగతా భాగం తొలగించబడింది. మోడరేటర్]

---

మోడరేటర్ | ఆదివారం, మధ్యాహ్నం 1:25

మల్లేశ్ గారూ, పందేల వివరాలు ఇక్కడ వద్దు. హ్యాండీక్యాప్ (ముందే పాయింట్లు ఇవ్వడం) గురించి ఎంతైనా రాయండి.

---

దుబాయ్_మల్లేశ్ | ఆదివారం, మధ్యాహ్నం 1:31

సరే సార్. బిర్యానీ పందెం అయినా వద్దా 😀

---

టీటీ_కోచ్_హైద్ | ఆదివారం, మధ్యాహ్నం 2:15

మల్లేశ్ చెప్పిన హ్యాండీక్యాప్ సంగతి ఆలోచించదగ్గది. మా అకాడమీలో పెద్దవాళ్ల బ్యాచ్ ఒకటుంది, ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు. వాళ్లలో స్థాయి తేడా ఎక్కువ. జతలు కుదర్చలేక ఎప్పుడూ నాకు తలనొప్పే. పిల్లల విషయంలో నా మాట మారదు. పెద్దవాళ్లకి మాత్రం వారంలో ఒకరోజు ఇది పెట్టి చూడొచ్చు.

ఖర్చు మాట కూడా ఎవరూ ఎత్తలేదు. మంచి జపాన్ రబ్బరు ఒక్క షీటు ఐదు వేలు దాటింది. బ్యాట్‌కి రెండు కావాలి. రోజూ ఆడే పిల్లాడికి మూణ్ణాలుగు నెలల్లో పట్టు పోతుంది. తండ్రులు నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి "ఇంకో రెండు నెలలు ఆగొచ్చా సర్?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు ఎప్పుడూ ఉండదు.

---

వడ్రంగి_వెంకట్ | ఆదివారం, సాయంత్రం 5:40

అందరూ ఆట గురించి రాస్తున్నారు, ఆ కాగితం ఎలా అంటించాలో ఒక్కరూ చెప్పలేదు. ఫర్నిచర్ పని నాది, ఆట తక్కువ. మా పక్క వీధి కుర్రాళ్లు అడిగితే కొన్ని చేసిచ్చాను.

కాగితం వెనకాల నంబరు ఉంటుంది. 80, 120 ముతకవి, చెక్క గీకడానికి. వాటిని బ్యాట్‌కి వాడితే బంతిని తినేస్తాయి. నాలుగు గేములకే బంతి మీద తెల్లగా పొడి రేగి ఆకారం పోతుంది. మరీ నున్నటిది, 400 పైన, వేస్తే ఉత్త చెక్కతో ఆడినట్టే ఉంటుంది. నేను 220 వేశాను, వాళ్లకి నచ్చింది. కాగితం కన్నా గుడ్డ వెనకాల ఉన్న రకం ఎక్కువ రోజులు ఆగుతుంది, కానీ బ్యాట్ బరువెక్కుతుంది.

తెల్ల ఫెవికాల్ వద్దు. అందులో నీళ్లుంటాయి, కాగితం ఉబ్బి అలలు అలలుగా లేస్తుంది. బంతి ఆ అల మీద పడితే ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. సన్‌మైకా అంటించే పసుపు జిగురు తెచ్చుకోండి. బ్యాట్‌కి, కాగితానికి రెండింటికీ పల్చగా రాసి, వేలు పెడితే అంటుకోకుండా ఆరనివ్వాలి. తర్వాత ఒక అంచు నుంచి మెల్లగా పడుకోబెడుతూ, పైన పాత బట్ట వేసి చపాతీ కర్రతో ఒత్తండి. ఒకసారి తగిలితే మళ్లీ ఊడదీయలేరు, జాగ్రత్త. అదనంగా ఉన్న కాగితాన్ని గరుకు వైపు నుంచి కోస్తే కట్టర్ బ్లేడు నిమిషంలో మొద్దుబారుతుంది. బ్యాట్‌ని బోర్లించి కాగితం వీపు వైపు నుంచి కొయ్యండి. చివర్లో మిగిలిన ముక్కతోనే చుట్టూ అంచు రుద్దేస్తే వేళ్లకి కోసుకోదు, లక్ష్మి గారి బాధ కొంత తగ్గుతుంది.

---

కాకినాడ_కట్‌షాట్ | ఆదివారం, సాయంత్రం 6:05

వెంకట్ గారూ, మా సెక్రటరీ గారు వాడింది తెల్ల ఫెవికాలే. ఒక బ్యాట్‌కి కుడి పక్క బుడగ ఉంది. ఆ బుడగ మీద ఆడి పాయింట్ కొట్టడం ఇప్పుడొక విద్య అయిపోయింది మా దగ్గర.

---

ఎడిసన్_సుధ | ఆదివారం, రాత్రి 8:30

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ పెద్ద టోర్నీల్లో, యూఎస్ ఓపెన్‌లో కూడా, మామూలు విభాగాల పక్కన హార్డ్‌బ్యాట్, శాండ్‌పేపర్ విభాగాలు విడిగా పెడతారు. మా క్లబ్బులో రేటింగుల పిచ్చి ఎక్కువ. ఎవరితో ఓడితే ఎన్ని పాయింట్లు పోతాయో లెక్క చూసుకుని మరీ మ్యాచ్ ఒప్పుకునేవాళ్లున్నారు. శాండ్‌పేపర్ బ్యాట్ చేతికిస్తే అదే మనుషులు ఎవరితోనైనా ఆడతారు. దాని మీద రేటింగ్ లేదు కదా, పోయేదేముంది. నాకు తెలిసి ఇక్కడ దాని ఆకర్షణలో సగం అదే.

రాంబాబు గారూ, కోచ్ గారూ చేసే "అప్పటి ఆట గొప్పా, ఇప్పటిది గొప్పా" వాదన మాత్రం నాకు ఎక్కదు. నేను సోమ, బుధవారాలు రబ్బరుతో ఆడతాను, ఆదివారం శాండ్‌పేపర్. రెండూ వేరు వేరు ఆటలనుకుంటే తగువే లేదు.

---

కుర్ర_లూపర్ | మంగళవారం, రాత్రి 9:15

ఇవాళ కాలేజీలో సీనియర్ దగ్గర ఒకటి దొరికితే ఆడాను. రిపోర్ట్ ఇస్తున్నాను.

గెలిచాను. మా ఫిజికల్ డైరెక్టర్ సర్ మీద 15-11, 15-12. రబ్బరుతో అయితే ఆయనకి నా మీద ఐదు పాయింట్లు రావు. మొదటి గేమ్‌లో నా సర్వీసులన్నీ ఆయన చాలా కూల్‌గా వెనక్కి పంపేశారు, కొంచెం అవమానంగానే ఉంది. తర్వాత లెక్చరర్ గారి 30 సెంటీమీటర్లు గుర్తొచ్చి కింద బంతుల్ని లాగడం మానేశాను, లోతుగా తోస్తూ ఎత్తు బంతి వచ్చేదాకా ఆగాను. ఆగడం ఎంత కష్టమో! రబ్బరుతో నేను మూడో బంతికే కొట్టేస్తాను. ఇక్కడ మూడో బంతికి కొట్టినవన్నీ గోడకే.

తొడలు పట్టేశాయి. మామూలు మ్యాచ్‌లో ఎప్పుడూ ఇలా లేదు.

నా అభిప్రాయం మారలేదు, స్పిన్ ఉన్న ఆటే నాకిష్టం. కానీ సర్ మళ్లీ రేపు రమ్మన్నారు, వెళ్తున్నాను.

---

వరంగల్_లెక్చరర్ | మంగళవారం, రాత్రి 9:40

తొడలు పట్టేయడానికి కూడా లెక్క ఉంది, కానీ పడుకో నాయనా.

---

టీటీ_కోచ్_హైద్ | బుధవారం, ఉదయం 7:10

కుర్రాడు రాసిన "ఆగడం" అన్న మాట దగ్గర నేను ఆగాను. మా సీనియర్ పిల్లల్లో ఇదే లోపం, ఏ బంతి వచ్చినా లాగేద్దామనే తొందర. ఎనిమిదేళ్లవాళ్లకి ఇవ్వనన్నాను, ఆ మాట అలాగే ఉంది. పదహారు దాటి స్ట్రోక్ స్థిరపడినవాళ్లకి ఆఫ్ సీజన్‌లో వామప్‌గా పెట్టి చూస్తాను. ఏమైందో వచ్చి రాస్తాను.

వెంకట్ గారూ, నాకు ఆరు బ్యాట్లు కావాలి. బ్లేడ్లు (బ్యాట్ చెక్కలు) నా దగ్గరున్నాయి, కొరియర్ చేస్తాను. మెసేజ్ పెట్టాను చూడండి.

---

వడ్రంగి_వెంకట్ | బుధవారం, మధ్యాహ్నం 1:50

చూశానండి. బ్లేడ్ల మీద పాత జిగురు ఉంటే గీకకుండానే పంపండి, నేను తీస్తాను. కొందరు కత్తితో గీకి చెక్క పొర లేపేస్తున్నారు.

---

కాకినాడ_కట్‌షాట్ | గురువారం, రాత్రి 8:20

అందరికీ థ్యాంక్స్. ఇంత వస్తుందని అనుకోలేదు. ఈ ఆదివారం మా క్లబ్‌హౌస్‌లో చిన్న టోర్నీ పెడుతున్నాం. 15 పాయింట్లు, డ్యూస్ లేదు, మ్యాచ్‌కి ఒక డబుల్ పాయింట్. అది నాకౌట్‌లో మాత్రమేనా, లీగ్ మ్యాచ్‌లలో కూడానా అని మా కమిటీలో ఇంకా కొట్టుకుంటున్నారు. మల్లేశ్ గారి పద్ధతిలో యూనివర్సిటీ ఇద్దరూ మిగతావాళ్లకి నాలుగు పాయింట్లు ఇచ్చి మొదలుపెట్టాలి. ఒకాయన మూడంటున్నారు, బేరం నడుస్తోంది. బుడగ బ్యాట్‌ని తీసేశాం, వెంకట్ గారు చెప్పినట్టు కొత్తవి రెండు చేశాం. బంతులు ఎక్కువే కావాలి, రెండు డబ్బాలు తెచ్చాను. కాకినాడలో ఉన్నవాళ్లు ఎవరైనా రావొచ్చు, రుసుం లేదు, టిఫిన్ ఉంది.

---

దుబాయ్_మల్లేశ్ | గురువారం, రాత్రి 8:33

మూడుకి ఒప్పుకోకండి అన్నా. ఐదు అడిగి నాలుగుకి దిగండి.

---

లాంగ్‌పింపుల్స్_లక్ష్మి | గురువారం, రాత్రి 8:50

నా పేరు రాసుకోండి, మా పక్కింటి పద్మ గారిది కూడా. మా మ్యాచ్‌లు పొద్దున్నే పెట్టండి, పదకొండుకి మా ఇంటికి చుట్టాలొస్తున్నారు. టిఫిన్ పెసరట్టేనా?